అచ్చమ్మ సాక్ష్యం

అచ్చమ్మ కోడలి చేతి వంట తినకపోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. ఏడాదిలో ఒకటి రెండుమార్లు జరిగేదే. కానీ టీ కూడా మానేసిందంటే మాత్రం వ్యవహారం ముదిరినట్టే.

శనివారం పొద్దున జూలియా ఇచ్చిన టీ గ్లాసు వరండా గోడ మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన మీగడ కట్టింది. దాని పక్కనే అచ్చమ్మ పీట వేసుకుని కూర్చుని, ఎన్నడో అటకెక్కించిన కిరసనాయిలు స్టవ్వు దింపి, తన గంజి తను కాచుకుంటోంది. కలకత్తా పక్క సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఒకరి వరండా ఇంకొకరికి కనబడుతుంది. అత్తాకోడళ్ళకి మాటల్లేవన్న కబురు అప్పటికే బ్లాకంతా తెలిసిపోయింది.

"టీ చల్లారిపోయింది అత్తయ్యా. వెచ్చబెట్టి తేనా?"

"నాకక్కర్నేదు."

"నా మీద కోపం టీ మీద చూపిస్తే ఎలా?"

"నాకెవుల మీదా కోపం నేదు. ఉపాసం ఉన్నాను."

గంజి తాగుతూ ఉపవాసమేమిటని జూలియా నోటిదాకా వచ్చింది. మింగేసుకుంది. ఇప్పటికే అన్న మాటలు చాలు.

గొడవంతా మొన్న ఆమె అన్న ఒక్క మాటతో మొదలైంది. "అప్పలలక్ష్మికి నిజం చెప్పాలి" అంది. అంతే.

ఆ నిజం ఇంట్లో ముగ్గురికే తెలుసు, అచ్చమ్మకీ, ఆమె కొడుకు శామ్సన్‌కీ, జూలియాకీ. శామ్సన్‌కి గొంతులో గడ్డ లేచినప్పుడు అతన్ని విశాఖపట్నం తీసుకెళ్ళి, జూలియా అన్నగారింట్లో ఉంచి, అక్కడి ఆసుపత్రిలో వారాల తరబడి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. చర్చి సంఘంలో అందరూ భార్యాభర్తలు సొంతూళ్ళో ఉపవాస ప్రార్థనకి వెళ్ళారనుకున్నారు. అనుకుంటే వీళ్ళూ కాదనలేదు. గడ్డ కరిగిపోయింది. ఈస్టరు వెళ్ళాక ఒక ఆదివారం అచ్చమ్మ సంఘం ముందు లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది.

సాక్ష్యం చెప్పడానికి ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ నేర్పరు గానీ అందరికీ వచ్చు. ముందు ప్రభువు నామంలో వందనాలు చెప్పాలి. తరవాత జబ్బు సంగతి, వినేవాళ్ళ ఒళ్ళు జలదరించేలా చెప్పాలి. డాక్టర్లు పెదవి విరిచిన సంగతి ఇంకా బాగా చెప్పాలి. అక్కడితో డాక్టర్ల పని సరి. మళ్ళీ వాళ్ళ ఊసెత్తకూడదు. పెదవి విరిచిన డాక్టరుకి సాక్ష్యంలో చోటుంటుంది, బాగుచేసిన డాక్టరుకి ఉండదు. అతని పేరెత్తితే దేవుడికి రావలసిన మహిమ మనుషులకి పంచిపెట్టినట్టవుతుందని భయం. అబద్ధమాడాలని ఎవరికీ ఉండదు పాపం. దేవుణ్ని ఎక్కడ తగ్గించేస్తామోనన్న బెంగ అంతే.

అచ్చమ్మా అలాగే చెప్పింది. "మందు నేదు, మాకు నేదు. నా మోకాళ్ళే నా మందు" అంది. సంఘమంతా స్తోత్రం అంది. జూలియా కూడా అంది. ఆ స్తోత్రం తలుచుకుంటే ఇప్పుడామెకి సిగ్గుగా ఉంది.

ఆ రోజు వెనక చాప మీద కూర్చుని ఏడుస్తూ విన్నవాళ్ళలో అప్పలలక్ష్మి ఒకర్తి. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడి పేరు గురువులు, రేవులో కూలిపని చేస్తాడు. షాలిమార్ రైల్వే యార్డు వెనక బస్తీలో ఉంటారు. ఆమె ప్రభువుని నమ్ముకుని ఎంతోకాలం కాలేదు. రొమ్ములో గడ్డకి పెద్దాసుపత్రిలో కీమో సూదులు వేస్తున్నారు, సగంలో ఉన్నాయి. అచ్చమ్మ సాక్ష్యం విన్నాక ఆమె మళ్ళీ ఆసుపత్రి గుమ్మం ఎక్కలేదు. ఆ సంగతి మొన్న బజార్లో గురువులు ఎదురుపడి చెబితేగానీ జూలియాకి తెలియలేదు. "గడ్డ మల్లీ ఎదుగుతంది సెల్లీ. నాను సెప్తే ఇనదు" అన్నాడతను, సంచీలో కూరగాయలకేసి చూస్తూ.

"నానేటి ఆవిణ్ని సూదులు మానీమన్నానా?" అంది అచ్చమ్మ ఉన్నట్టుండి, గంజి గిన్నెతో మాట్లాడుతున్నట్టు.

జూలియా గుమ్మంలోనే నిలబడిపోయింది. "మానమని మీరు అనలేదు. మందు లేకుండా తగ్గిందన్నారు. ఆమె విన్నది అదే."

"మరి తగ్గనేదా?"

"తగ్గింది."

"నాను మోకాళ్ళ మీద పడి ఏడిసింది అబద్దమా?"

"కాదు అత్తయ్యా. అదీ నిజమే. కరెంటు పెట్టించిందీ నిజమే."

"సదువుకున్నదానివి. నీకు డాక్టరే దేవుడు."

 అచ్చమ్మ స్టవ్వు మీది గంజి కలపడంలో పడింది.

అసలు తొందరంతా రేపటి గురించి. రేపు నెలలో మొదటి ఆదివారం, సాక్ష్యాల రోజు. పైగా ఖరగ్‌పూర్ నుంచి ప్రసంగానికి ఒక దైవజనుడు వస్తున్నాడు. ఆయన ముందు అచ్చమ్మ చేత ఆ సాక్ష్యమే మళ్ళీ చెప్పించాలని పాస్టరు ఆదాముగారు ముచ్చటపడ్డారు. ఆయనకీ అసలు సంగతి తెలియదు. ఫోన్లో తీసి అన్ని సంఘాలకీ పంపుతామన్నారు. ఇంకెంతమంది అప్పలలక్ష్ములు వింటారో అనుకుంది జూలియా.

అప్పుడే శామ్సన్ యార్డు నుంచి నైటు డ్యూటీ దిగి వచ్చాడు. తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. గోడ మీది టీ గ్లాసు తీసుకుని, ఆ చల్లటి టీ గటగటా తాగేసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి పడుకున్నాడు. జబ్బు తరవాత అతని గొంతు బొంగురుపోయింది. మాట్లాడకపోవడానికి ఇప్పుడతనికి మంచి సాకు దొరికింది.

*

మధ్యాహ్నం జూలియా ఎవరితోనూ చెప్పకుండా టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి షాలిమార్ వెళ్ళింది. యార్డు గోడ వెంబడి వాననీళ్ళు నిలిచిపోయాయి. ఇటుకల మీద అడుగులేసుకుంటూ బస్తీలోకి వెళ్ళేసరికి గురువులు ఇంటి బయట కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి, పక్కకి తప్పుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

అప్పలలక్ష్మి లోపల కూరకి పొటోల్ కాయలు తరుగుతోంది. నెత్తికి కట్టుకున్న గుడ్డ కాస్త వదులు చేసి, "సూడు వొదినా, జుత్తు లేస్తంది" అంది పొంగిపోతూ. నిజంగానే గుండు మీద పసిపిల్లల జుట్టులా సన్నగా మొలుస్తోంది. "సూదులు మానీసినాక అన్నం సయిస్తంది. ఒల్లు తేలిగ్గుంది. అచ్చమ్మ పిన్ని సెప్పినట్టే ప్రబువు నన్ను ముట్టినాడు."

సూదులు ఆగితే జుట్టు రావడం మామూలేనని జూలియాకి తెలుసు. ఆ సంబరం చూస్తే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు.

"గడ్డ ఎలా ఉంది లక్ష్మీ?"

అప్పలలక్ష్మి పైట సరిచేసుకుంది. "తగ్గిపోద్ది. ఇస్వాసం నిలబెట్టుకుంటే."

"పెరుగుతోందని గురువులన్నయ్య అన్నాడు."

"ఆడికేటి తెలుసు. నమ్మినోడు కాడు."

బయట గురువులు దగ్గాడు. జూలియా చాప మీద ఆమెకి ఎదురుగా కూర్చుని, దాచకుండా అంతా చెప్పేసింది. విశాఖపట్నం, ఆసుపత్రి, కరెంటు, గొంతు పుండై శామ్సన్ మంచినీళ్ళు కూడా మింగలేని రోజులు, అన్నీ చెప్పింది. ప్రార్థన చేసిందీ నిజమే, వైద్యం చేయించిందీ నిజమే అంది. అప్పలలక్ష్మి కత్తి ఆపకుండా విన్నది. కాయలన్నీ అయిపోయాక తొక్కలు కూడా తరిగింది.

అప్పుడు తలెత్తింది. "నీకు పిన్నంటే పడదు. సంగమంతటికీ తెలుసు. తప్పుగా అనుకోకు వొదినా."

"పడకపోతే అబద్ధం చెప్తానా?"

"అబద్దమనట్నేదు. మంచోల్ల నోటంట కూడా ఇస్వాసం సెడగొట్టే శోదన ఒత్తాదని పాస్టరుగారు సెప్పినారు గదా."

జూలియాకి చెంపమీద కొట్టినట్టయింది. లేచిపోదామనుకుంది. అయినా కూర్చుంది.

"నాను మొక్కులన్నీ ఒగ్గీసి వొచ్చినాను వొదినా" అంది అప్పలలక్ష్మి. ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "అత్తోరు పండక్కి పిలవరు. నా కన్నోల్లే నన్ను ఎలేసినారు. పోనీ, ఆయనున్నాడు గదా అనుకున్నాను. మొదటి పరీచ్చకే పడిపోమంటావా? సూదులకెల్తే ఆయన్ని నమ్మనట్టే గదా? పిన్ని నమ్మింది, నిలబడింది. నాను నిలబడనేనా?"

 ఈ మనిషి మొండితనంతో చావుకి ఎదురెళుతోందని జూలియా అనుకుంటూ వచ్చింది. తీరా చూస్తే ఆమె తనకి తెలిసిన విశ్వాసాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. ఎవరు నేర్పారది? మేమే కదా అనుకుంది జూలియా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనేం చేస్తే నమ్ముతావు?"

"పిన్నిని సెప్పమను. ఆవిడ నోటితో సెప్పమను. బేగి ఎల్లి సూదేయించుకుంటాను."

రోడ్డుదాకా గురువులు వెంట వచ్చాడు. టోటో వచ్చేదాకా నిలబడ్డాడు. "ఒక్క మాటే గదా సెల్లీ, ఆ ముసిలమ్మ సెప్పనేదా?" అన్నాడు.

*

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. అచ్చమ్మ మంచం మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఒళ్ళో బైబిలు తెరిచి ఉంది. శామ్సన్ లుంగీతో గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు, నిద్ర సరిపోక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జూలియా చెప్పులు కూడా విప్పకుండా మాట్లాడేసింది. "అప్పలలక్ష్మి దగ్గరికెళ్ళాను. అంతా చెప్పాను. నా మాట నమ్మలేదు. మీరు చెబితేనే నమ్ముతానంది."

ఆ చివరి మాటకి అచ్చమ్మ ముఖంలో ఒక్క క్షణం సంతోషం కనబడింది. అది చూసి జూలియాకి ఒళ్ళు మండింది.

"చూశావా, నేనంటే ఎంత నమ్మకమో అనుకుంటున్నారు కదూ? ఆ నమ్మకమే ఆమెని చంపుతోంది."

"జూలియా" అన్నాడు శామ్సన్.

"మీరు ఆగండి. ఇన్నాళ్ళూ ఆగారు కదా, ఇంకాసేపు ఆగండి." అతను తలదించుకున్నాడు. ఆమె అత్తవైపు తిరిగింది. "రేపు సాక్ష్యంలో ఒక్క మాట కలపండి అత్తయ్యా. వైద్యం కూడా చేయించామని. దేవుడేమీ చిన్నబోడు."

"ఏటి కలపాల? ఆ రోజు అబద్దమాడినానని కలపాలా? పాస్టరుగారి ముందర, ఆ వొచ్చినాయన ముందర?"

"పరువు ముఖ్యమా, ప్రాణమా?"

"పరువంటన్నావు." అచ్చమ్మ కళ్ళజోడు పక్కన పెట్టింది. ఈసారి ఆమె గొంతు పెద్దది చేయలేదు. చేయకపోయేసరికి జూలియాకి భయమేసింది. "నీకు తెల్దు. నువ్వప్పటికి ఈ ఇంటికి రానేదు. నీ మావకి కామెర్లు వొచ్చినప్పుడు నానిలాగే మోకాల్ల మీద పడినాను. ఈ బ్లాకులోల్లు తాయెత్తు కట్టించమన్నారు. మొక్కుకోమన్నారు. ఎవులెన్ని సెప్పినా కదల్నేదు. ఆయన పోనాడు. మట్టిసేసి వొచ్చిన ఆదివారం గుడికెల్లినాను. అందరూ సాచ్చికాలు సెప్తన్నారు. మా ఆయన లేసి కూకున్నాడని ఒకావిడ సెప్పింది. నాను స్తోత్రం అన్నాను. నాకు సెప్పుకోడానికి ఏటీ నేదు. ఏటీ నేకుండా ఇన్నేల్లు కూకున్నాను ఆ చాప మీద. ఒక్క ఆదివారం మాన్నేదు."

ఆమె బైబిలు మూసింది.

"ఇన్నేల్లకి ఒక్కసారి ప్రబువు నా ఇంటేపు సూసినాడని పదిమందిలో నిలబడి సెప్పుకున్నాను. అదొక్కటీ కూడా లాగీసుకుంటారేటి నా కాడినుంచి?"

జూలియా గోడకి ఆనుకుని నిలబడింది. అత్తగారు పంతగత్తె అనీ, పదిమందిలో పేరంటే ఇష్టమనీ ఇన్నాళ్ళూ అనుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పంతం కింద ఇంత ఆకలి ఉందని ఎన్నడూ అనుకోలేదు. జాలి పొంగుకొచ్చింది. జాలిపడితే రేపు అప్పలలక్ష్మి ఏమైపోతుంది? ఎటూ తోచక వంగి చెప్పులు విప్పింది.

 బయట లోకల్ ట్రైను వెళ్ళి, కిటికీ ఊచలు అదిరి ఆగాయి.

"అమ్మా" అన్నాడు శామ్సన్.

ఆ బొంగురు గొంతు విని ఇద్దరూ అతనికేసి చూశారు.

"ఆ కరెంటు పెట్టేటప్పుడు ముఖానికి ప్లాస్టిక్ ముసుగొకటి బిగిస్తారు. బల్లకి నట్లేసి బిగించేస్తారు, తల కదలకుండా. బిగించాక అందరూ బయటికెల్లిపోతారు. డాక్టర్ ఉండడు, నర్సు ఉండదు, జూలియా ఉండదు. తలుపు యేసేస్తారు. మా గూడ్సు వేగన్ తలుపు కన్నా మందంగా ఉంటదది."

"తెలుసు నాయినా, సెప్పినావు."

"ఇది చెప్పలేదు. మొదటి రోజు నాకు ఊపిరాడలేదు. పాట పాడుకుందామంటే నోరు తెరుచుకోదు. నువ్విక్కడ మోకాళ్ళ మీద ఉంటావని తెలుసు. ఆ టైముకి ఉంటానన్నావు కదా. మా అమ్మ ప్రార్థన చేస్తంది అనుకున్నాను. అంతే, గుండె నిమ్మళించింది. ఆ గదిలో నాతో ఒకరు ఉన్నారమ్మా. ఎవరేమన్నా సరే, ఉన్నారు."

అచ్చమ్మ మూసిన బైబిలు ఒళ్ళో దగ్గరికి లాక్కుంది.

"నువ్వేమో సాక్ష్యంలో ఆ గది ఊసే ఎత్తలేదు. ఆయన నాతో ఉన్న చోటే నువ్వు తీసిపారేశావు. ఆ రోజు సంఘానికి పాట అందించడానికి పాటల పుస్తకం పట్టుకుని ముందర నిలబడి వింటన్నాను. నాకెలా ఉంటదనుకున్నావు?"

"అప్పుడేల సెప్పనేదు నువ్వు?"

 "నీ ముఖం చూశాను. నాన్న పోయినాక అంత సంతోషం నీ ముఖంలో నేను చూడలేదు. ఎలా చెప్పమంటావు?"

అచ్చమ్మ మంచం దిగింది. కొడుకు దగ్గరికి వెళుతుందనుకుంది జూలియా. వెళ్ళలేదు. వరండాలోకి వెళ్ళి స్టవ్వు తీసుకుని, లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

"చెప్తారంటారా?" అంది జూలియా నెమ్మదిగా.

"ఏమో" అన్నాడు శామ్సన్.

*

ఆదివారం వీళ్ళిద్దరూ తయారయ్యేసరికే అచ్చమ్మ ఇస్త్రీ తెల్లచీర కట్టుకుని ఒక్కతే వెళ్ళిపోయింది.

బెంగాలీ క్రైస్తవుల ఆరాధన అయ్యాక అదే గుడి తెలుగువాళ్ళకిస్తారు. వాళ్ళు బెంచీల మీద కూర్చుంటే వీళ్ళు బెంచీలు గోడవారకి జరిపి చాపలు పరుచుకుంటారు. ఆ రోజు గుడి కిటకిటలాడిపోయింది. ఖరగ్‌పూర్ ఆయన కోటు వేసుకుని ఉక్కపోతకి చెమటలు తుడుచుకుంటున్నాడు. అప్పలలక్ష్మి వెనక చాప మీద, నెత్తికి కొత్త గుడ్డ కట్టుకుని కూర్చుంది. జూలియాని చూసి నవ్వింది. నిన్నటి మాటలకి తనకేమీ కోపం లేదని చెప్పే నవ్వు అది.

"మన తల్లి అచ్చమ్మగారు ప్రభువు చేసిన గొప్ప కార్యాన్ని సాక్ష్యమిస్తారు" అని ఆదాముగారు మైకు అందించారు. ఎవరో ఫోను పైకెత్తారు.

అచ్చమ్మ వందనాలు చెప్పింది. జబ్బు సంగతి చెప్పింది. ఏ మాట దగ్గర గొంతు వణకాలో అక్కడ వణికింది. కలకత్తాలో డాక్టర్లు పెదవి విరిచిన సంగతి చెప్పింది. మాట పొల్లుపోలేదు, ఈస్టరప్పటి సాక్ష్యమే. జూలియా వేళ్ళు చీర కొంగులో మెలిపడ్డాయి. చెప్పదు, ఇంక చెప్పదు అనుకుంది. తనే లేచి నిలబడితే? లేచి ఏమని అరవాలి?

"ఆ డాక్టర్లు పెదవి ఇరిసినారు" అని మళ్ళీ అంది అచ్చమ్మ. అని ఆగింది.

స్తోత్రం అనడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కూడా ఆగారు.

"ఇంకో డాక్టరున్నాడు. ఆయన సంగతి నాను సెప్పనేదు."

ఆదాముగారు చిరునవ్వుతోనే ఉన్నారు. ఇంకా అర్థం కాలేదు.

"ఇశాపట్నంలో ఆయన నా కొడుక్కి కరెంటు పెట్టినాడు. చాలా రోజులు పెట్టినాడు. నా కోడలు జూలియా దగ్గరుండి పెట్టించింది. నానిక్కడ మోకాల్ల మీదున్నాను. రెండూ జరిగినాయి. రెండిట్లోనూ ప్రబువున్నాడు. నాను ఒకటి సెప్పి ఒకటి దాసినాను. దేవుడికి సిన్నతనమవుద్దని దాసినాను. ఆయనకి సిన్నతనమేటి, సిన్నతనం నాకు." ఆమె వెనక చాపకేసి తిరిగింది. "అప్పలలచ్చిమీ. నువ్వు ఎల్లి సూదేయించుకోవాలమ్మా. ఆలస్యం సెయ్యకు."

గుడిలో ఎవరూ స్తోత్రం అనలేదు. ఫోను ఎత్తినవాడు మెల్లిగా దింపేశాడు. ఖరగ్‌పూర్ ఆయన తన చేతిలోని పుస్తకంలో దేనికోసమో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. జూలియాకి అత్తగారిని గట్టిగా పట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో అలా అనిపించడం అదే మొదలు.

వెనక చాప మీద అప్పలలక్ష్మి లేచి నిలబడింది.

"పిన్నీ" అంది. కేకేయలేదు. అయినా అందరికీ వినబడింది. "ఆ దినం నువ్వు నిలబడ్డదీ ఇక్కడే గదా."

"ఇక్కడే అమ్మా."

"దేవుడి ముందరే సెప్పినావు."

"అవును."

"మరి ఇన్నాల్లూ నాను నిలబడింది ఏటి మీద? ఆయన మీదా, నీ మాట మీదా?"

అచ్చమ్మ నోరు తెరిచింది. సంఘంలో ఎవరే ప్రశ్న వేసినా ఠక్కున బైబిలు వాక్యం చూపించే మనిషి. ఆ రోజు ఏ వాక్యమూ రాలేదు.

"శామ్సన్, ఒక పాట" అన్నారు ఆదాముగారు తొందరగా. శామ్సన్ చేతిలో పుస్తకం ఉంది. అతను తెరవలేదు.

అప్పలలక్ష్మి తన సంచీ తీసుకుని, చాపల మధ్య నుంచి ఎవరి కాలూ తొక్కకుండా దారి చేసుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఆసుపత్రికే వెళుతుందో, ఇంటికి పోయి తలుపేసుకుంటుందో, ఇంక ఈ గుమ్మం ఎక్కుతుందో లేదో, ఎవరికీ తెలియదు.

అచ్చమ్మ మైకు పాస్టరుగారి చేతిలో పెట్టింది. చివరి ఆశీర్వాదం కాకుండా ఆమె గుడిలోంచి కదిలిన ఆదివారం ఒక్కటీ లేదు. అలాంటిది, ఆమె ఆడవాళ్ళ మధ్య నుంచి గబగబా నడిచి బయటికెళ్ళింది. జూలియా ఆమె వెనకాలే పరిగెత్తింది.

సన్నగా వాన పడుతోంది. అచ్చమ్మ చెప్పులు వెతుక్కోకుండా ఒట్టికాళ్ళతో మెట్లు దిగి, "లచ్చిమీ, ఆగు. నా మాట నమ్మొద్దు. నమ్మకపోతే మానీ. నాతో ఆసుపత్రికి రా, నానొస్తాను నీతో" అని పిలుస్తూ నడిచింది.

గేటు దగ్గర అప్పలలక్ష్మి ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.